రుమాలు ముడి

పోయిన వారం నీలవేణిని జగన్నాథంగారి క్వార్టరు గేటు ముందు నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది. చేతిలో బుధవారీ బజారులో కొన్న బిస్కెట్ల పొట్లం, నుదుటి మీద చెమట. గేటు గడియ మీద చెయ్యి వేస్తుంది, మళ్ళీ తీసేస్తుంది. లోపలికి వెళ్ళాలని లేదు, వెనక్కి తిరిగిపోయే ధైర్యమూ లేదు.

ఈ వారమే మనతో కలిసినవాళ్ళుంటారు కాబట్టి జరిగింది రెండు ముక్కల్లో చెప్పేస్తాను. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగువాళ్ళంతా కలిసి ఒక బాలబడి నడుపుకుంటున్నారు. నీలవేణి అందులో టీచరు. బడికి కార్యదర్శి జగన్నాథంగారు, ఆవిరింజన్ల కాలంలో డ్రైవరుగా చేసి రిటైరై కొడుకు క్వార్టర్లో ఉంటున్న మనిషి. ఆయన మనవడు రోహన్‌కి నాలుగేళ్ళు. ఆ రోహన్ బడిలో జారుడుబల్ల మీంచి పడి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. పిల్లలు ఆడుకుంటున్నప్పుడు జారుడుబల్ల దగ్గర ఉండాల్సిన ఆయా అప్పలకొండ ఆ సమయానికి అక్కడ లేదు. ఇంకేముంది, తప్పంతా ఆయాదేనని కాలనీ ఒక్క గొంతుతో తేల్చేసింది. ఈ సాయంత్రం బడిలో కమిటీ కూర్చుని అప్పలకొండని పనిలోంచి తీసేస్తుంది. నీలవేణి లేచి "అవును, ఆయా అక్కడ లేదు" అని ఒక్క మాట చెబితే చాలు. అది అబద్ధం కూడా కాదు. నిజంలో సగం.

రెండో సగం నీలవేణి కడుపులో ఉంది. అదే ఆవిణ్ణి అన్నం తిననివ్వడం లేదు.

రోహన్‌ది ఎడమచేతి వాటం. బలపం ఇస్తే ఎడమచేత్తో అందుకునేవాడు, బంతి వేస్తే ఎడమచేత్తో పట్టేవాడు. అక్షరాభ్యాసం నాడు పదిమంది ముందూ పళ్ళెంలో బియ్యం మీద ఎడమచేత్తో దిద్దబోయాడట. చుట్టాలు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారట. ఆ నవ్వు వాళ్ళ నాయనమ్మ మంగాయమ్మకి గుండెలో ముల్లయి కూర్చుంది. ఒకరోజు బడి వదిలే వేళకి వచ్చి నీలవేణి రెండు చేతులూ పట్టుకుంది. ఇలాగే వదిలేస్తే రేపు తాళి కూడా ఎడమచేత్తోనే కడతాడని, ఎలాగోలా వాటం మార్చమని, కోడలికి మాత్రం చెప్పొద్దని బతిమాలింది.

నీలవేణికి తెలియక కాదు సుమండీ! విశాఖపట్నంలో ట్రైనింగు చదివిన రోజుల్లో వాళ్ళ మేడమ్ ఈ ఒక్క విషయం మీద పూట పూటంతా పాఠం చెప్పింది. పిల్లవాడు ఏ చేత్తో రాస్తే ఆ చెయ్యే వాడి చెయ్యి, దాని జోలికి పోవద్దు, అమ్మ చెప్పినా అమ్మమ్మ చెప్పినా పోవద్దు అని. నీలవేణి ఆ ప్రశ్నకి పరీక్షలో నిండుగా జవాబు రాసి వచ్చింది. కానీ ఎదురుగా నిలబడింది కార్యదర్శిగారి భార్య. పైగా తను పెళ్ళయి ఈ ఊరొచ్చిన కొత్తలో భాష రాక బిక్కుబిక్కుమంటుంటే ఇంటికి పిలిచి అన్నం పెట్టిన మనిషి, చెప్పి బళ్ళో పనిప్పించిన మనిషి. మొహమాటానికి పోతే ఏమవుతుందో మన పెద్దవాళ్ళు మొరటుగానే చెప్పారు, ఆ సామెత ఇక్కడ రాయను. నీలవేణి సరేనంది.

అదైనా కొట్టి తిట్టి చెయ్యలేదు. ఆవిడ పిల్లల్ని కసరడం కూడా ఎరగదు. ఆటలా చేసింది. బాలబడి పిల్లల చొక్కాలకి గుండె మీద పిన్నీసుతో రుమాలు పెట్టి పంపుతారు కదా, ఆ రుమాలు తీసి రోహన్ ఎడమచేతిని వెనక్కి పెట్టి, నిక్కరు బెల్టు లూపుకి మెత్తగా ముడి వేసింది. "ఈ చెయ్యి అలిసిపోయింది నాన్నా, బజ్జుంటుంది. నువ్వు లేపకు, సరేనా?" అంది. వాడికి ఆ ఆట భలే నచ్చింది. పక్క పిల్లలు అల్లరి చేస్తే పెదవుల మీద వేలు పెట్టి, నా చెయ్యి బజ్జుంది, చప్పుడు చెయ్యొద్దని హిందీలో గద్దించేవాడు. రోజూ పలక పట్టినంతసేపూ చెయ్యి నిద్రపోయేది, ఆటల గంట కొట్టగానే నీలవేణి ముడి విప్పి లేపేది.

ఆ రోజు గంట కొట్టారు. అప్పుడే ఎవరో తల్లి వచ్చి గుమ్మంలో నిలబడి ఏదో అడుగుతోంది. నీలవేణి ఆమెతో మాట్లాడుతూనే పిల్లల్ని ఆడుకోండని పంపేసింది. ముడి సంగతి మరిచిపోయింది. చెయ్యి నిద్రపోతున్న పిల్లవాడు ఆ చెయ్యి అలాగే పెట్టుకుని, రైలింజన్ల షెడ్డువాళ్ళు పాత రేకుతో చేసిచ్చిన ఆ ఎత్తు జారుడుబల్ల మెట్లు ఒంటిచేత్తో ఎక్కాడు.

కేక విని అందరికంటే ముందు పరిగెత్తింది నీలవేణే. పిల్లవాణ్ణి ఒడిలోకి తీసుకుంది, తీసుకుంటూనే ముడి విప్పేసింది, రుమాలు రవికెలో దోపేసింది. ఆ పని అనుకుని చేసిందా, చెయ్యి దానంతటదే చేసిందా అని అప్పట్నుంచీ తనని తాను అడుగుతూనే ఉంది. జవాబు తెలిసే అడుగుతోంది, అదీ బాధ.

సరే, ఇక గేటు దగ్గరికి వద్దాం.

"ఏటమ్మా, అక్కడే నిల్చుండిపోయేవు? నోపలికి రా" అని మంగాయమ్మ వరండాలోంచి పిలిచింది. ఇక తప్పలేదు. తేలు కుట్టిన దొంగలా నీలవేణి లోపలికి నడిచింది.

ముందుగదిలో మంచం మీద రోహన్ గోడకి చేరబడి కూర్చుని ఉన్నాడు. కుడిచేతికి మోచెయ్యి దాటేదాకా తెల్లటి కట్టు, ఆ చెయ్యి మెడకి వేలాడుతోంది. టీచర్ని చూడగానే మొహం విప్పారింది. మరుక్షణం ఏదో జ్ఞాపకం వచ్చినట్టు తల దించేసుకున్నాడు. వాళ్ళమ్మ సౌభాగ్య పక్కన కూర్చుని గిన్నెలో పెరుగన్నం కలిపి ముద్దలు పెడుతోంది. సౌభాగ్యకి నీలవేణి అంటే ప్రాణం. బళ్ళో అందరూ టీచరుగారూ అంటే ఆమె ఒక్కతే అక్కా అంటుంది.

మంగాయమ్మ టీ పెడతానని వంటింట్లోకి వెళ్ళింది. జగన్నాథంగారు కమిటీకి తయారవుతున్నట్టున్నారు, లోపల బీరువా తలుపు చప్పుడైంది. సౌభాగ్య గొంతు తగ్గించి తన బాధ చెప్పుకొచ్చింది. విరిగిన చెయ్యి అతుక్కుంటుందని ఆసుపత్రిలో చెప్పారట, దాని గురించి బెంగ లేదట. బెంగంతా బాగున్న చెయ్యి గురించేనట. కుడిచెయ్యి కట్టులో ఉంటే పిల్లవాడు హాయిగా ఎడమచేత్తో తినాలి కదా, వాడికి పుట్టుకతో వచ్చిన వాటమే అది కదా! అలాంటిది ఆ చేత్తో చెంచా ముట్టడట. బొమ్మ ఇస్తే అందుకోడట. దాహమేస్తే గ్లాసు ముందు కూర్చుని ఎవరైనా పట్టించేదాకా ఎదురుచూస్తాడట. మొన్న ఈగ మొహం మీద వాలితే తల విదిలించాడు కానీ చెయ్యి ఎత్తలేదట.

"చూడక్కా, ఎక్కడ పెట్టుకున్నాడో" అంది సౌభాగ్య.

నీలవేణి చూసింది. ఎడమచేతిని తొడ కింద పెట్టుకుని, దాని మీద కూర్చున్నాడు పిల్లవాడు.

ఇన్నాళ్ళూ ఆవిడ విరిగిన చెయ్యి గురించే ఏడ్చింది. విరగని చేతికి తనేం చేసిందో ఇప్పటిదాకా తెలీదు.

నరం ఏమైనా దెబ్బతిందేమో, పెద్ద డాక్టరుకి చూపించాలేమో అని సౌభాగ్య అడుగుతూనే ఉంది. నీలవేణి మంచం దగ్గరికి వెళ్ళి బిస్కెట్ల పొట్లం పక్కన పెట్టి, "ఎలా ఉన్నావు నాన్నా?" అంది.

రోహన్ మెల్లగా మంచం దిగాడు. అటు తిరిగి, వీపు టీచరు వైపు పెట్టాడు. తొడ కిందనుంచి తీసిన ఎడమచేతిని వెనక్కి తెచ్చి నిక్కరు బెల్టు దగ్గర ఆనించి, బుద్ధిగా నిలబడ్డాడు.

"బాంధో, టీచర్" అన్నాడు. కట్టమని.

సౌభాగ్య చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఏటిరా అది? ఏటి కట్టడం?"

వాడు తల్లికి జవాబివ్వలేదు. టీచరుతోనే మాట్లాడాడు, తప్పు చేసినవాడి గొంతుతో. "నేను లేపలేదు టీచర్. సచ్చీ, ఒట్టు. పైకెళ్ళాక అదే లేచిపోయింది. అందుకే గిర్ గయా నేను."

జారుడుబల్ల చివర మెట్టు మీద ఏం జరిగిందో నీలవేణికి కళ్ళకి కట్టింది. కాలు జారబోయి ఉంటుంది. పట్టుకోడానికి చెయ్యి కావలసి వచ్చి ఉంటుంది, ఆ ముడిలోంచి ఎడమచేతిని గుంజుకుని ఉంటాడు. అది రాలేదు. ఆ గుంజుకోవడమే చెయ్యి లేవడమనుకుని, అది లేచింది కాబట్టే పడ్డానని, టీచరు చెప్పిన మాట తప్పానని, నాలుగేళ్ళ ప్రాణి లోపల్లోపలే కుమిలిపోతున్నాడు. నేరం చేసిన పెద్ద మనిషేమో బిస్కెట్లు పట్టుకుని పలకరింపుకి వచ్చింది!

ఆవిడ మోకాళ్ళ మీద కూలబడి పిల్లవాణ్ణి తనవైపు తిప్పుకుంది. వంటింటి గుమ్మంలో టీ గ్లాసులతో మంగాయమ్మ కొయ్యబారి నిలబడి ఉంది. ఆ కళ్ళు నీలవేణిని వేడుకుంటున్నాయి. చెప్పకు తల్లీ, చెప్పకు అని.

సౌభాగ్య గిన్నె కింద పెట్టింది. "అక్కా, ఏటిదంతా?"

ఇంతకాలం ఈ ప్రశ్న ఎవరైనా అడిగితే ఏం చెప్పాలా అని నీలవేణి చాలా జవాబులు కూర్చి పెట్టుకుంది. ఏదో ఆట అని, పిల్లలు ఏవేవో ఊహించుకుంటారని. అవన్నీ ఇప్పుడు నోటి దాకా వచ్చాయి కూడా. పిల్లవాడి మొహం చూస్తూ వాటిలో ఒక్కటి కూడా పలకలేకపోయింది.

"ఆ చెయ్యి కట్టింది నేనే, సౌభాగ్యా" అంది.

కుడిచేతి వాటం రావాలని రోజూ కట్టేదాన్నని, ఆ రోజు విప్పడం మరిచిపోయి ఆటలకి పంపేశానని, పడ్డాక అందరూ వచ్చేలోపు విప్పి దాచేశానని, దాచిన రుమాలు ఇంట్లో బియ్యం డబ్బా వెనక ఉందని చెప్పింది. అప్పలకొండ ఆ సమయానికి ఎవరో పిల్ల నిక్కరు తడుపుకుంటే పంపు దగ్గర కడుగుతోందని, అది కూడా తనకి తెలుసని, తెలిసీ అందరూ ఆమె మీద పడుతుంటే పెదవి విప్పలేదని కూడా చెప్పింది. మొదలుపెట్టాక ఆగలేదు. ఏడుస్తూనే అంతా చెప్పేసింది.

సౌభాగ్య అరవలేదు. అరిస్తే బాగుండునని నీలవేణి అనుకుంది. ఆమె కొడుకుని దగ్గరికి లాక్కుని, ఎడమచేతి మణికట్టుని తిప్పి తిప్పి చూసింది, ఇంకా అక్కడ గుర్తేమైనా ఉందేమోనని.

"ఎవరు కట్టమన్నారు, టీచరుగారూ?" అంది.

అక్క పోయి టీచరుగారు వచ్చింది. చెంపదెబ్బ కొట్టినా అంత మండేది కాదు నీలవేణికి. గుమ్మంలో ఉన్న మంగాయమ్మ వైపు చూడకుండా ఉండడానికి ఆవిడ బలమంతా కూడదీసుకోవలసి వచ్చింది.

"ఎవరు కట్టమన్నా కట్టిన చెయ్యి నాది. వద్దనడానికే నాకు చదువు చెప్పించారు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం పాత మాటే కానీ, ఎవరూ అనకపోయినా తడుముకునేవాళ్ళుంటారు. మంగాయమ్మ టీ గ్లాసులు గూట్లో పెట్టేసి గోడ పట్టుకుని కింద కూర్చుంది. తనే చెప్పేనని, గుంటణ్ణి నలుగురూ నవ్వుతుంటే చూళ్ళేకపోయేనని, ఇలాగవుతాదని కల్లో కూడా అనుకోలేదని కొంగు నోట్లో కుక్కుకుంది. సౌభాగ్య అత్తగారి వైపు ఒక్కసారి చూసి మొహం తిప్పేసుకుంది.

అప్పుడు లోపలి గదిలోంచి జగన్నాథంగారు వచ్చారు. ఇస్త్రీ చొక్కా, చేతిలో కళ్ళజోడు. మొత్తం విన్నారని ఆయన మొహమే చెబుతోంది. కుర్చీలో కూర్చోలేదు, వీధి తలుపు దగ్గరకి వేసి దానికి అడ్డంగా నిలబడ్డారు.

"అమ్మాయ్, ఈ మాట ఈ గుమ్మం దాటకూడదు."

కోపంగా కాదు, లెక్క చెప్పినట్టు నిదానంగా అన్నారు. బళ్ళో టీచరే పిల్లల చేతులు కట్టేస్తోందని తెలిస్తే రేపు పొద్దున్న ఒక్క పిల్లవాణ్ణి పంపరట. బడికి మంచి చోటిస్తామని రైల్వే పెద్దవాళ్ళు మాటిచ్చిన సమయమట. ఇన్నేళ్ళ కష్టమంతా గంగలో పోతుందట. టీచరు ఇంకెప్పుడూ అలా చెయ్యకుండా ఉంటే అదే చాలట. ఇక ఆయా సంగతంటారా, అప్పలకొండకి ఆయన స్వయంగా ఇంకెక్కడైనా పని చూపిస్తారట. "ఆయా పోతే ఇంకో ఆయా వస్తాది. బడి పోతే మరి రాదు" అన్నారు.

చూడండి, పాపం చేసిన మనిషికి ఇంతకంటే మెత్తటి పరుపు ఎవరు పరుస్తారు? నీలవేణి మనసు ఒక్క క్షణం దాని మీద వాలింది కూడా. బడి కోసం, పిల్లల కోసం, పెద్దాయన మాట కోసం అని ఎన్ని పేర్లయినా పెట్టుకోవచ్చు. వాలిన క్షణమే ఆవిడకి తన మీద తనకి అసహ్యం వేసింది.

మాట్లాడింది సౌభాగ్య. "మామయ్యగారూ, మీరు ప్రతి జెండా పండక్కీ పిల్లలకి ఓ కథ చెప్తారు. ఎర్ర సిగ్నల్ దాటేసి, ఎవరూ చూడకపోయినా ఇంజను ఆపి, మీ అంతట మీరే వెళ్ళి స్టేషన్ మాస్టరుకి చెప్పేనని. అది కథేనా?"

జగన్నాథంగారు కళ్ళజోడు పెట్టుకున్నారు, తీసేశారు. తలుపుకి అడ్డం మాత్రం తప్పుకోలేదు.

సరిగ్గా అప్పుడే గేటు గడియ చప్పుడైంది.

వచ్చింది అప్పలకొండ. ఉతికిన చీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని, కమిటీకి వెళ్ళే దారిలో ఆగింది. పెద్దాయన తలుపు తియ్యక తప్పలేదు. గదిలో అందరి మొహాలూ చూసి, అందరూ తన మీద కోపంతోనే అలా ఉన్నారనుకుంది. గుమ్మం బయటే కూలబడి తల నేలకి ఆనించింది.

"బాబుని ఓపాలి సూసి ఎల్లిపోతాను అమ్మగోరూ. నాను పంపు కాడికి ఎల్లకుండా ఉండాల్సింది. తప్పు నాదే. మీటింగులో కూడా అదే సెప్తాను, నానే మానేస్తానని. టీచరమ్మకి మాట రాకూడదు."

సౌభాగ్య నీలవేణి వైపు చూసింది. మంగాయమ్మ చూసింది. జగన్నాథంగారు చూడకుండా గోడకి ఉన్న క్యాలెండరు వైపు తిరిగారు. టీచరమ్మకి మాట రాకూడదట! నీలవేణి చెవుల్లో ఆ మాట సలసల మరిగింది.

అప్పలకొండ కొంగు ముడి విప్పి, పండిన జామకాయ ఒకటి తీసి రోహన్ వైపు చాపింది. "ఇంద బాబూ, బిహీ. నీకిట్టం గదా" అంది.

రోహన్ కళ్ళు ఆ పండు మీద వాలాయి. కుడిచెయ్యి కట్టులో ఉంది. ఎడమచెయ్యి కొంచెం ముందుకొచ్చి మళ్ళీ వెనక్కి, బెల్టు దగ్గరికి పోయింది. వాడు తల తిప్పి టీచరు మొహంలోకి చూశాడు.

"టీచర్, దీన్ని లేపనా?"

నీలవేణి పిల్లవాడి ఎడమచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని పెదవులకి ఆనించుకుంది.

"లేపు నాన్నా. అది ఏ తప్పూ చెయ్యలేదు. నువ్వూ చెయ్యలేదు."

ఆ చిన్న చెయ్యి అప్పుడు నెమ్మదిగా, ఇంకా నమ్మకం కుదరనట్టు, చాచుకుని జామకాయని అందుకుంది. సౌభాగ్య భోరుమంది.

అప్పలకొండ పండు ఇచ్చిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. పిల్లవాణ్ణి చూసింది, వాడి వెనక బెల్టుని చూసింది, టీచరమ్మని చూసింది. ఆ రోజు తను పరిగెత్తుకొచ్చేసరికి టీచరమ్మ రవికెలోకి ఏదో దోపుకోవడం ఆమెకి ఇప్పుడు గుర్తొచ్చినట్టుంది. నెమ్మదిగా లేచి నిలబడింది.

"దాన్నెవులు పడుకోబెట్టేరు టీచరమ్మా?" అంది.